మునస్వామి నెత్తిన పడిన మాటలు

ఈగ ఎదురొచ్చినా దావ వదిలి పక్కకు జరిగే మనిషి ఒకాయన ఉండేవాడు. ఆయన చనిపోయినాక ఆయన్ను దొంగను చేసి, తాగుబోతును చేసి, సోమరిని, అబద్ధాలకోరును చేసి, చివరికి ఒంటినిండా గజ్జి కూడా అంటించి, ఆ సంగతులన్నీ ఒక కంప్యూటరుకు నేర్పించి, తిరుపతిలో పెద్ద హాలులో మైకు పెట్టి చెప్పించిన ఘనత నాది. ఆ మనిషి ఎవరో కాదు, నా మొగుడే. ఆ హాలులో ముందు వరసలో కూర్చున్నది మా కూతురు. దాని పక్కన మా ఆడబిడ్డ. ఇంక మీరే ఊహించుకోండి.

నన్ను తిట్టుకునే ముందు నా కథ వినండి. విన్నాక తిట్టుకున్నా నేనేమీ అనుకోను. అప్పటికి మీకు ఇంకా మంచి తిట్లు దొరికి ఉంటాయి. నేను రాసిపెట్టినవే చాలా ఉన్నాయి.

మాది ఐరాల పక్కన చిన్న పల్లె. ఉన్న కాస్త నేలలో చెనక్కాయలు వేసేవాళ్లం, బావిలో నీళ్లుంటే చెరుకు. మా ఆయన పొద్దున్నే బస్సెక్కి కాణిపాకం పోయి, గుడి దగ్గర టెంకాయలూ గరికా అమ్ముకొని వచ్చేవాడు. ఆయన పేరు మునస్వామి. ఇప్పుడు ఇంత సులభంగా రాసేసినాను గానీ, ఆయన బతికున్నన్నాళ్లు ఆ పేరు ఒక్క తూరి కూడా నా నోట పలకలేదు. మా పక్క ఆడవాళ్లు మొగుని పేరు చెప్పరు. చెబితే ఆయనకు ఆయుస్సు తగ్గుతుందంటారు. "ఇదో", "ఏమయ్యా", కూతురు పుట్టినాక "సరళావాళ్ల నాయన". అంతే. ఏదైనా ఆఫీసులో పేరు అడిగితే ఊరివాళ్లెవరైనా పక్కనుండి చెప్పాల. ఎవరూ లేకుంటే నేను గోడ మీద దేవుని పటం చూపించి, "అట్లాంటి స్వామే సార్, ముందర ముని ఉంటాడు" అని పొడుపుకథ వేసేదాన్ని. ఆ గుమాస్తాలు విసిగిపోయి నన్ను ఎవరెవరికి పెండ్లాన్ని చేసి రాసుకున్నారో నాకు తెలియదు.

అంత జాగ్రత్తగా కాపాడిన ఆయుస్సు ఒక మధ్యాహ్నం కాణిపాకంలో, టెంకాయల గంప పక్కన, మంచినీళ్లు తాగుతూ తాగుతూనే అయిపోయింది. సరళ అప్పుడు రేణిగుంటలో సెల్‌ఫోన్ పార్టులు చేసే ఫ్యాక్టరీలో డ్యూటీలో ఉండాది. లోపలికి ఫోన్లు తీసుకుపోనియ్యరు. డ్యూటీ దిగి, ఫోన్ చూసుకొని, ఏడ్చుకుంటా ఊరు చేరేసరికి వాళ్ల నాయన్ను ఎత్తుకొని పోయినారు. ఎండాకాలం, ఉంచేదానికి లేదన్నారు పెద్దలు. కడసారి ముఖం చూడలేకపోయిన ఆ కోపం ఎవరిమీద చూపాలో దానికి తెలియలేదు. ఫ్యాక్టరీ మీద చూపలేదు, ఎండ మీద చూపలేదు. మిగిలింది నేను. నేను చూస్తే ఆయన మాటే ఎత్తేదాన్ని కాదు. ఎత్తితే ఏడుపు ఆగదని నా భయం. ఈమెకు మనసు రాయైపోయిందని దాని లెక్క.

అయినా నన్ను పల్లెలో ఒంటిగా వదలకుండా తిరుపతిలో తాను ఉండే బాడుగ ఇంటికి తెచ్చుకుంది. "పొద్దుగూకులూ గోడల్ని చూసుకుంటా కూర్చుంటావు గానీ, పోయి నాలుగు అక్షరాలు నేర్చుకో మా" అని పెద్దవాళ్లకు చదువు చెప్పే సాయంత్రం బడిలో చేర్పించింది. తల నెరిసినాక అక్షరాలు నేర్చుకోవడమంటే, వణికే చేత్తో మురుకులు చుట్టినట్లే. నా 'ణ' చూసి మా పంతులమ్మ, "ఇది అక్షరమా, నూనెలో వేసేదా?" అని అడిగింది. ఎట్లనో వచ్చేసినాయి. అందరూ మొదట తమ పేరు రాసుకున్నారు. నేను కూడా పంతులమ్మ చూస్తున్నంతసేపు రెడ్డెమ్మ అని రాసినాను. ఆమె అటు తిరగంగానే దాని కింద చెయ్యి అడ్డం పెట్టుకొని మునస్వామి అని రాసినాను. మొగుని పేరు నోటితో చెప్పకూడదని మా పెద్దవాళ్లు అన్నారు గానీ, చేత్తో రాయకూడదని ఎవరూ అనలేదు. అన్నవాళ్లకు రాయడం వచ్చుంటే గదా.

ఇంక అసలు సంగతికి వస్తాను. ఒకరోజు మా బడికి ప్రమీల మేడమ్ అని ఒకామె వచ్చింది. తిరుపతిలోనే ఏదో పెద్ద చదువుల చోట పనిచేస్తుంది. పల్లెమాటలు తెలిసి, రాయడం కూడా వచ్చిన పెద్ద వయసు ఆడవాళ్లు కావాలంది. ఆ రెండూ ఉన్నవాళ్లు ఆ గదిలో తక్కువ. నన్ను పట్టుకుంది.

"కంప్యూటరుకు తెలుగు నేర్పిస్తున్నామమ్మా" అంది.

"దానికి నోరుండాదా మేడమ్?"

"నోరు తర్వాత. ముందు బుద్ధి రావాలి గదా. గంప అంటే మీకేం గుర్తొస్తుంది?"

"తట్ట, బుట్ట. మా ఇంట్లో కోడిని పొదిగేసిన పాత గంప. దాని పిడి ఊడిపోయింటే మా..." ఆడ ఆగిపోయినాను. మా ఆయన కట్టిన కొబ్బరి తాడు గుర్తొచ్చింది.

"చూసినారా, మీకు ఎన్ని గుర్తొచ్చినాయో. దానికి ఏమీ గుర్తురావు. గంప, బుట్ట, తట్ట ఒక ఇంటివని, అన్నీ సామాన్లని, వెదురుతో అల్లుతారని మనమే దానికి చుట్టరికాలు కలపాలి. ప్రతి మాటకూ ఒక వాక్యం కూడా రాసియ్యాలి. మనుషులు ఆ మాట ఎట్ల వాడతారో అప్పుడే దానికి తెలుస్తుంది."

చుట్టరికాలు కలపమంటే నాకేమి కష్టం? పెండ్లింట్లో కొత్తకోడలిని నిలబెట్టి, ఈమె నీకు చిన్నత్త, ఆయన నీకు బావ, అదో ఆ మూల అలిగి కూర్చున్నామె నీకు తోడికోడలు అని చూపించే పనే గదా. కాకపోతే ఈ కోడలికి కండ్లు లేవు, చెవులు లేవు, సిగ్గు అసలే లేదు. పలక మాదిరి ఉండే ఒక ట్యాబు ఇచ్చి, దాని మీద వేలితో రాసేది నేర్పించినారు. నేను దాన్ని మాటల గాదె అనుకొని, పూటకు ఇన్ని మాటలని పోస్తా వచ్చినాను.

మొదట అన్నీ మంచి మాటలే. చెరుకు: సరళ చెరుకు నములుతా నవ్వింది. సంగటి: సరళకు వేడి సంగటి ఇష్టం. తెలివి: సరళ తెలివిగల పిల్ల. మీరు ఆ గాదెను తెరిచి చూస్తే మా సరళను మించిన ఆడపిల్ల తెలుగుదేశంలో పుట్టలేదని మీకు తెలిసిపోతుంది. తర్వాత ఒకరోజు మేడమ్ వాళ్లు పంపిన చెడ్డ మాటల కట్ట ట్యాబులో వచ్చి పడింది. మొదటి మాట దొంగ.

చెయ్యి ఆగిపోయింది. ఎవరు దొంగ? సరళ పేరు రాస్తానా? మనం అన్న మాటకు పైన తథాస్తు దేవతలు తలూపుతా ఉంటారు. అట్లనే జరుగుగాక అనేస్తారు. నోటిమాటకే అంతుంటే రాసిన మాటకు ఎంతుండాల? పక్కింటి విజయ పేరు రాద్దామనుకున్నాను. అప్పుడే ఆమె గిన్నెలో ఇడ్లీలు తెచ్చిచ్చింది. ఇడ్లీ నములుతా 'విజయ దొంగ' అని రాసేదానికి నాకు మనసు రాలేదు. ఊర్లో వాళ్లవి ఎవరి పేరు తలచుకున్నా వాళ్ల ఇంట్లో ఒక చంటిబిడ్డో, ఒక కాన్పో గుర్తొచ్చేది. దేవుళ్ల దగ్గరికి పోయినాను. కృష్ణునికి దొంగతనం ఎట్లాగూ అలవాటే గదా అని ఆయనకు ఇచ్చేసినాను. ఊపిరి పీల్చుకొని చూస్తే తర్వాతి మాట గజ్జి.

అప్పుడు తలెత్తినాను. గోడమీద ఫోటోలో మా ఆయన నన్నే చూస్తా ఉన్నాడు. ఆధార్ కార్డు కోసం తీసింది పెద్దది చేయించినాం. ఏదో తప్పు చేసి పట్టుబడినట్లుంటుంది ఆ ముఖం.

తథాస్తు దేవతలు ఇంక ఆయన్నేం చేస్తారు? చెయ్యాల్సింది చేసేసినారు. అదీగాక, బతికుండంగా కూడా ఆయన పని ఇదే. మా ఆడబిడ్డ కుప్పమ్మ వదిన ఇంట్లో మనవడికి చెవులు కుట్టించిన రోజు, ఊరందరికీ చేసిన చారులో నేను ఉప్పు రెండుసార్లు వేసేసినాను. అందరూ నాలుక బయట పెట్టి చూస్తాంటే ఈయన లేచి, "ఉప్పు నేనేసినా. రెడ్డెమ్మకు తెలీదు" అన్నాడు. పొయ్యి దగ్గరికి ఆయన ఎప్పుడు వచ్చినాడని ఎవరూ అడగలేదు. మా వదిన ఆ చారుకు ఆయన్ను ఏండ్ల తరబడి దెప్పింది. ఆయన తలొంచుకొని నవ్వేవాడు. మా మేక పక్కవాళ్ల చేనులో పడితే తాడు విప్పింది నేనే అంటాడు. సరళ బడి ఎగ్గొడితే నేనే పోవద్దన్నా అంటాడు. అట్లాంటి మనిషి గజ్జికి వెనకాడతాడా?

"ఏమయ్యా, ఇంకొకటి ఎత్తుకుంటావా?" అని ఫోటోను అడిగినాను. ఏమీ అనలేదు. అనే మనిషి కాదు.

మునస్వామికి ఒంటినిండా గజ్జి లేసింది అని రాసినాను. కృష్ణుని దగ్గరి దొంగతనం కూడా వెనక్కి తీసుకొని ఈయనకే ఇచ్చినాను.

ఇంకొక మాట మీతో చెబుతాను, నవ్వకండి. ఆ పేరు రాస్తాంటే బాగుండేది. మకు కొమ్ము పెట్టి, న పక్కన చేర్చి, స కింద వ వత్తు తగిలించి దీర్ఘమిచ్చి, చివరి మకు గుడి కట్టి. ఇన్నేండ్లు కాపురం చేసి ఒక్క తూరి పిలవని పిలుపు. ఒక మాట అయిపోతే ఇంకొక మాట ఎప్పుడొస్తుందా అని చూసేదాన్ని. అబద్ధం వచ్చినా సరే, సోమరి వచ్చినా సరే, పేలు వచ్చినా సరే. మంచి మాటలకు ఆయన పేరు రాయలేకపోయినాను. మునస్వామి నవ్వినాడు అని రాస్తే చాలు, ఆ రోజు ఇంక పని సాగేది కాదు. చెడ్డ మాటలకైతే చెయ్యి గబగబా పోయేది.

ఒకసారి మేడమ్ అడిగింది, "రెడ్డెమ్మా, ఈ మునస్వామి ఎవరు, తరచుగా కనిపిస్తున్నాడు?"

"మా ఊరాయన మేడమ్."

"సరే, ఏదో ఒక పేరు ఉండాలి గదా" అనింది. నేను రాసినవి మేడమ్ దగ్గర పనిచేసేవాళ్లు తలా కొన్ని పంచుకొని దిద్దేవాళ్లు. అందువల్ల ఆ మహానుభావుని పూర్తి చరిత్ర ఒక్కరి కంట కూడా పడలేదు.

గాదె నిండినాక దాన్ని నలుగురికీ చూపించే సభ పెట్టినారు. రాసినవాళ్ల ఇంటివాళ్లు కూడా రావాలన్నారు. సరళ సెలవు పెట్టుకొని, నాకు పట్టుచీర కట్టి, పూలు పెట్టుకోనంటే చేతికిచ్చింది. "మా అమ్మ రాసింది కంప్యూటరు చదువుతుందంట" అని అందరికీ ఫోన్లు చేసింది. నాయన పోయినాక దాని ముఖంలో అట్లాంటి వెలుగు చూడలేదు. ఐరాల నుంచి కుప్పమ్మ వదినను కూడా పిలిపించింది. ఆమె కొత్త రైక కుట్టించుకొని వచ్చింది.

వేదిక మీద ఒక సారు మైకు పట్టుకొని, "మీరు ఒక మాట చెప్పండి, దాని కథంతా ఇది చెబుతుంది" అన్నాడు. ఎవరో చెరుకు అన్నారు. రేణిగుంట స్టేషన్లో రైళ్ల సంగతి చెప్పే ఆడగొంతు ఉంటుంది చూడండి, అట్లాంటి తియ్యటి గొంతుతో అది అర్థం చెప్పి, "సరళ చెరుకు నములుతా నవ్వింది" అనింది. జనం చప్పట్లు కొట్టినారు. సరళ నా చెయ్యి పట్టుకొని నొక్కింది. నా జన్మలో మంచి గడియ ఏదంటే అదే. అది అట్లనే నిలిచిపోయుంటే ఎంత బాగుండు.

వెనక వరసలో ఎవరో కుర్రాడు "అబద్ధం" అన్నాడు.

"మునస్వామి నోరు తెరిస్తే అబద్ధమే" అనింది అది, తియ్యగా.

సరళ చెయ్యి వదులైంది. వదిన నా వైపు తిరిగింది. "మన మునస్వామేనా?"

"ఆ పేరు శానామందికి ఉంటాది వదినా" అన్నాను. 

ఇంకెవరో "సోమరి" అన్నారు.

"కాణిపాకంలో టెంకాయలు అమ్మే మునస్వామి పెద్ద సోమరి."

ఇంక శానామంది లేరు. ఒక్కడే ఉన్నాడు.

వేదిక మీది సారుకు ఇవేమీ తెలియదు పాపం. జనం నవ్వుతాంటే ఆయనకు ఉత్సాహం వచ్చింది. "ఇది మాటలను కలుపుకొని ఆలోచన కూడా చేస్తుంది, చూడండి" అని మైకులో, "మునస్వామి ఎలాంటివాడు?" అని అడిగినాడు.

"మునస్వామి ఒక దొంగ. మునస్వామి తాగుబోతు. మునస్వామికి తలలో పేలు ఎక్కువ. మునస్వామికి ఒంటినిండా గజ్జి లేసింది. ఇంకా చెప్పమంటారా?" అనింది ఆ మహాతల్లి.

హాలు హాలంతా పగలబడి నవ్వింది. రెండు కుర్చీల్లో మాత్రం నవ్వు లేదు. మూడో కుర్చీలో నేనుండేది, దాని కిందికి దూరిపోయే దావ వెతుక్కుంటా ఉన్నాను.

గేటు దగ్గర వదిన నన్ను నిలేసింది. "రెడ్డెమ్మా, నా తమ్మునికి గజ్జి యాడ లేసింది? సెప్పు."

"ఊరికే రాసినా వదినా."

"ఊరికే లేస్తాదా గజ్జి? వాడు తాగింది యాడ సూసినావు? మజ్జిగ తప్ప ఇంకేమన్నా ముట్టినాడా? మా ఇంట్లో ఆ పొద్దు సారులో ఉప్పెక్కువేసినాడు, ఒప్పుకుంటా. అది తప్ప వాడు సేసిన తప్పేంది?"

ఆ ఉప్పు సంగతి అప్పుడైనా చెప్పాల్సింది. కొంగు సర్దుకొని బస్టాపు వైపు నడిచినాను.

సరళ గట్టిగా అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. బస్సెక్కే ముందు నా ముఖం చూడకుండా, "బతికుండంగా ఒక్కసారి పేరు పెట్టి పిలవలేదు. చచ్చినాక దొంగా అని పిలిచినావు" అనింది.

"చెడ్డ మాటలు బతికున్నవాళ్ల మీద వేస్తే తథాస్తు దేవతలు..."

"తథాస్తు లేదు ఏమీ లేదు మా. ఆయన తిరిగొచ్చి కాదనలేడు గదా, అందుకే వేసినావు."

ఆ రోజు నుంచి ఇంట్లో కుక్కరు కూసినన్ని సార్లు కూడా సరళ నాతో నోరు తెరవలేదు. కుక్కరు కూసినప్పుడు నేనే "వస్తాండా" అని జవాబిచ్చేదాన్ని. చివరికి ఒక సాయంత్రం గోడతో చెప్పినట్లు చెప్పింది. "ఆదివారం నేను రేణిగుంటలో హాస్టలుకు పోతాండా. బియ్యం, పప్పు తెచ్చి పెట్టి పోతా. విజయక్కకు చెప్పినా, చూసుకుంటాది." నేను సరే అన్నాను. ఇంకేమనాలో నేర్పించే బడి ఎక్కడా లేదు. ఒక మనిషి పోయిన ఇల్లు ఎట్లుంటుందో నాకు తెలుసు. ఇద్దరూ పోయిన ఇల్లు ఎట్లుంటుందో ఇంక చూడాల.

ఆదివారం మధ్యాహ్నం సరళ బ్యాగు సర్దుకుంటాంటే ప్రమీల మేడమ్ ఫోన్ చేసింది. సరళ ఫోన్‌కే చేసింది. నాకు వినపడేట్లు స్పీకరు పెట్టి మంచం మీద పడేసి, తన పని తాను చేసుకుంటా ఉంది.

"రెడ్డెమ్మా, ఆయన మీ ఆయనని నాకు ఇప్పుడే తెలిసింది. ముందే ఎందుకు చెప్పలేదు?"

"పేరు చెప్పకూడదు మేడమ్."

"అన్ని సార్లు రాసినారు గదా?"

"రాసేది వేరే మేడమ్."

 "బాధపడకండి. ఒక్క బటన్ నొక్కితే చాలు. మునస్వామి అని ఉండే చోటంతా 'ఒకడు' అని వచ్చేస్తుంది. ఆ పేరు ఇంకెక్కడా ఉండదు. నొక్కేదా?" అనింది.

"వద్దు మేడమ్."

"ఎందుకమ్మా?"

"ఒక్కసారిగా పోతే ఎట్లుంటాదో ఒక తూరి చూసినా. ఈసారి నిదానంగా పోనీండి. నేనే ఒకటొకటిగా తీసేస్తా."

బ్యాగు జిప్పు చప్పుడు ఆగిపోయింది.

ట్యాబు తెచ్చుకొని గోడకానుకొని కూర్చున్నాను. మొదటిది కూడబలుక్కొని చదివినాను. కండ్లలో నీళ్లుంటే గుళ్లకూ కొమ్ములకూ తేడా తెలియదు. సరళ బ్యాగు వదిలేసి వచ్చింది.

"నువ్వు ఇట్ల చదివితే నేను ముసలిదాన్ని అయిపోతా. ఇటియ్యి. నేను చదువుతా, నువ్వు కొట్టెయ్యి" అని పక్కన కూర్చునింది. ముఖం మాత్రం ఇంకా గోడవైపే ఉంది.

"మునస్వామి ఒక దొంగ." కొట్టేసి, ఒకడు అని రాసినాను.

"మునస్వామి తాగుబోతు." ఒకడు.

దాని గొంతు గరుగ్గా ఉంది. ఒక్కొక్కటీ చదివి నా ముఖాన కొడతా ఉంది. నేను తలొంచుకొని తుడుస్తా ఉన్నాను. అట్ల కొంతదూరం పోయినాక ఒకటి వచ్చింది.

"గురక. మునస్వామి గురకకు కోళ్లు లేచి కూస్తాయి." ఆగింది. "ఇది నిజమే గదా."

"నిజమే. మన పుంజు ఏ పొద్దూ వేళకు కూయలేదు."

"కోపం. మునస్వామికి కోపం వస్తే చొక్కా విప్పి మళ్లీ తొడుక్కుంటాడు." ఈసారి నవ్వు ఆపుకోబోయి సరళ మూతి కొంచెం వంకర పోయింది. "తిరగేసి తొడుక్కొని, అట్లనే కాణిపాకం పోయేవాడు."

"పిసినారి. మునస్వామి పగిలిన టెంకాయ అమ్మడు, పారెయ్యడు, ఇంటికి తెస్తాడు."

"నెలంతా టెంకాయ పచ్చడి మా. బడిలో నన్ను అందరూ పచ్చడీ అని పిలిచేవాళ్లు."

"మొండి. మునస్వామి మొండివాడు, కూతురు తినకుంటే తానూ తినడు."

సరళ ఇంక నవ్వలేదు. చదివేది కూడా మెల్లగా అయింది. నేను ఒకడు, ఒకడు అని రాస్తా పోతా ఉన్నాను. చొక్కా తిరగేసుకున్నవాడు ఒకడు. పచ్చడి తెచ్చినవాడు ఒకడు. తినకుండా కూర్చున్నవాడు ఒకడు. అట్ల వాడు ఎవరికీ కాకుండా పోతా ఉన్నాడు.

ఎండ వాకిలి దాటిపోయింది. అప్పుడు ఎర్రగీత కొట్టిన మాట ఒకటి వచ్చింది. దిద్దినవాళ్లు పక్కన రాసినారు: ఈ వాక్యంలో ఈ మాటే లేదు, మళ్లీ రాయండి.

సరళ చదివింది. "చనిపోవు. మునస్వామి టెంకాయలు అమ్మేదానికి కాణిపాకం పోయినాడు. సాయంత్రం బస్సుకు వస్తాడు."

చదివి, ఇంకొకసారి చదువుకుంది. పైకి కాదు, పెదాలతో.

"ఇది తప్పు మా" అనింది.

"తప్పే. మార్చాల."

"అన్నీ రాసినావు. పోయినాడని ఒక్కటి ఎందుకు రాయలేదు?"

"ఆ దొంగా, గజ్జీ అబద్ధాలు. రాసేసినా."

సరళ ట్యాబును ఒళ్లో పెట్టుకుంది. "నాకూ అంతే మా" అనింది. "నేను చూడలేదు గదా. నాకింకా ఆయన కాణిపాకంలోనే ఉండాడు." ఆ మాటతో దానికి ఏడుపు వచ్చింది. ఆయన పోయినప్పుడు నా ముందర ఏడవలేదు. నేనూ దాని ముందర ఏడవలేదు. ఇద్దరం కలిసి ఏడవడం అదే మొదలు. బాగా ఏడ్చినాం. విజయ వచ్చి తలుపు దగ్గర చూసి, అట్లనే వెనక్కి పోయింది.

అయినా మాట మాటే గదా, కంప్యూటరుకు చావు అంటే ఏమో చెప్పాల. ముక్కు చీదుకొని ట్యాబు తీసుకొని, 'రెడ్డెమ్మ చని' వరకు రాసినాను. సరళ లటుక్కున లాక్కుంది.

"ఏం రాస్తాండావు? తీసెయ్ ముందు."

"తథాస్తు దేవతలు లేరంటివి గదా."

"ఉన్నా లేకున్నా తీసెయ్ మా."

"మరి ఎవరి పేరు రాసేది?"

"అత్త పేరు రాద్దామా?" అనింది కండ్లు తుడుచుకుంటా. మా వదిన దీన్ని కంప్యూటరులో వినే వైనం తలచుకొని ఇద్దరికీ నవ్వు ఆగలేదు. అంతలో దాని మోచేతి మీద ఒక దోమ వాలింది. ఒక్క దెబ్బ వేసింది. ఇంక వెతికే పని లేకుండా పోయింది. దోమ చనిపోయింది అని రాసి పంపించేసినాం. మేడమ్ చూసి, "దోమకు ఇంత మర్యాద ఎవరూ ఇవ్వరమ్మా, సరే ఉండనీ" అనింది.

ఎర్రగీత కొట్టిన వాక్యాన్ని మాత్రం సరళ పారెయ్యనియ్యలేదు. సాయంత్రం అనే మాట వెతికి, అక్కడ నేను రాసిన పాతది తీసేసి, దీన్ని పెట్టింది. పేరు మార్చలేదు. అంత పెద్ద గాదెలో మునస్వామి ఇప్పుడు ఆ ఒక్కచోటే ఉన్నాడు. బ్యాగులోంచి దువ్వెన తీసి తల దువ్వుకుంది సరళ. దువ్వెన మళ్లీ లోపల పెట్టలేదు.

మా పక్క తాగుడు మానాలనుకున్నవాళ్లు కాణిపాకం పోయి ప్రమాణం చేస్తారు. నాకు బస్సు ఎక్కే ఓపిక లేదు గాబట్టి ఈడనే కూర్చొని, మీ అందరి ఎదుట చేస్తాండా. చనిపోయినవాళ్లు తిరగబడరని వాళ్ల నెత్తిన ఇంక ఏ నిందా వెయ్యను. చెడ్డ మాటల కట్టలు ఎన్ని వచ్చినా, చావు ఒక్కటి తప్ప, దొంగతనమైనా గజ్జి అయినా నా పేరుతోనే రాసుకుంటా. తథాస్తు దేవతలకు నా ఇంటి దావ తెలుసు, రానీండి. మా వదినకు చారు సంగతి కూడా చెప్పేసినా. ఆమె ఇప్పుడు నాతో మాట్లాడ్డం లేదు, అది వేరే కథ.

నిన్ననే కొత్త కట్ట మొదలుపెట్టినాను. మొదటి మాట మూర్ఖురాలు. రెడ్డెమ్మ మూర్ఖురాలు అని రాసి పంపించినాను. ఆ సభ అయినకాడి నుంచి నేను రాసిన ఏ వాక్యాన్నీ మేడమ్ వాళ్లు ఏదో ఒకటి అడగకుండా వదిలిపెట్టలేదు. దీనికి మాత్రం ఒక్క ప్రశ్న కూడా వెయ్యకుండా పచ్చ టిక్కు పెట్టేసినారు.